పొయ్యి కాడి కన్యాకుమారి

మాది కుందుర్పి. వానల్లేక సేద్యం ఇడిచిపెట్టిన మా ఇంటాయన శ్రీరంగప్ప, ఇరవై రెండేండ్లు యాత్రల బస్సులో వంటమనిషిగా పోయినాడు.

కన్యాకుమారిలో ఎప్పుడేం చూడల్లో ఆయన్నే అడగల్ల. జనం సూర్యోదయానికి పోతే ఈయప్ప ఉప్మా చేస్తాంటాడు. వాళ్లు పడవెక్కి సముద్రంలోని బండ మీదికి పోయేటప్పుడు చిత్రాన్నం కలపల్ల. పొద్దుగూకేది చూసొచ్చే లోపల రసం కాగల్ల. అంతసేపూ సత్రం వెనక పొయ్యి కాడే. సముద్రమంటే ఆయనకు బస్సులో ఊడ్చే ఇసుకే.

"ఒక్క పూట పోయి చూసి రాకూడదా, నీ వంట తగలెయ్య!" అని తిట్టేదాన్ని.

"మళ్లీసారి చూస్తాలేమే" అనేవాడు.

కట్టెల పొగకు కండ్లు పోతా వచ్చినాయి. ఇంక చూపు రాదని డాక్టరు చెప్పేసినాడు. ఈ ఏడు బస్సు ఓనరు వంట ఎత్తేసి హోటల్ భోజనం పెట్టినాడు. "ఈ ఒక్క ట్రిప్పు ఊరికే రా అన్నా, సీట్లో కూర్చో" అన్నాడంట. పోయినాడు. తెల్లారకముందే అందరికంటే ముందు ఒడ్డున నిలబడినాడంట.

ఇంటికొచ్చినాక, ఉండబట్టలేక అడిగితిని. "సముద్రం ఎట్లుండాది?"

"ఏముండాది, ఆడా పొగే" అన్నాడు.