కుర్చీలో కూర్చోని టీచరమ్మ

అయిజలో ఒక ప్రైవేటు బడికి నేను గుమాస్తాను. అక్కడ ఐదో తరగతికి లెక్కలు చెప్పిన గద్వాల టీచరమ్మ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోలేదు. డిగ్రీ ఉంది, బీఎడ్ లేదు. "సర్టిఫికెట్ వచ్చినంక కూసుంట తియ్యన్నా" అనేది, చాక్‌పీసును వేళ్ల మధ్య తిప్పుతూ.

కనీసం బీఎడ్‌లో చేరనివాళ్లను వచ్చే ఏడు ఉంచబోమని యాజమాన్యం చెప్పిన రోజు, ఆమె నా బల్ల దగ్గరకు వచ్చింది.

"జర లెక్క చూడన్నా. శానా తొందరగంటే ఎన్నొద్దులల్ల అయితది?"

వేశాను. ఎటునుంచి వేసినా రెండేళ్లే.

"కొన్ని కాలేజీలల్ల పైసలిస్తే పోకున్నా హాజరు ఏస్తరంట. ఈడ నౌకరి గూడ పోదు" అంది. వేళ్ల మధ్య చాక్‌పీసు విరిగింది. "మరి నిన్న బడికెందుకు రాలేదురా అని పిల్లగాండ్లను ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

ఉద్యోగం వదిలి, వనపర్తిలో రోజూ వెళ్లే కోర్సులోనే చేరింది. తిరిగొస్తే ఇక్కడ చోటుంటుందని ఎవరూ మాటివ్వలేదు.

కొత్త టీచరు దొరికేదాకా ఆ తరగతికి లెక్కలు నన్ను చెప్పమన్నారు. పదో తరగతితో ఆగి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. కుర్చీ అక్కడే ఉంది. రోజూ దాన్ని కాస్త పక్కకు జరిపి, నిలబడే చెబుతున్నాను.