సార్, పానం మంచిగున్నదా?

అక్క పోయిందని వాళ్ల చిన్నకొడుకు ఫోన్ చేసినప్పుడు నేను బడంగ్‌పేట్‌లో నా బట్టల దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. సగం ఎత్తిన షట్టర్ కింద అట్లాగే కూలబడ్డాను. తర్వాత మాతో పనిచేసిన ఆడవాళ్లకు ఒక్కొక్కరికే చెప్పాను. విని ఏడ్చినవాళ్లున్నారు, కాదనను. కానీ ఏడుపు కంటే ముందు అందరి నోటా వచ్చిన మాట ఒక్కటే. "ఏమైందట? ఏం రోగమట?" నాకు తెలుసు. అయినా చెప్పలేదు. చదువుతున్న మీకూ చెప్పను. ఎందుకో తెలియాలంటే ఆమె గురించి తెలియాలి, ఆమెను నట్టేట ముంచిన మనిషి గురించీ తెలియాలి.

ఆమె నాకు చుట్టం కాదు. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో, దానికి కాస్త దూరంలో ఒక కాంట్రాక్టరు రేకుల షెడ్డు వేసి, విమానాల్లో జనం కప్పుకునే దుప్పట్లు ఉతికించేవాడు. మాది ఆరిన దుప్పట్లు మడతపెట్టే వరస. ఆ వరసకు ఆమె పెద్ద. యాభై దాటిన మనిషి, రావిర్యాల వైపు పల్లె. పొద్దున్నే రెండు బర్రెల పాలు పిండి, పాలకేంద్రంలో పోసి, షేర్ ఆటో ఎక్కి వచ్చేది. పక్కన నిలబడితే ఆమె చేతులు పాలవాసన వేసేవి.

మరక పోని దుప్పటి వస్తే మేమంతా ఎత్తి చూపించుకుని ఛీ ఛీ అని నవ్వుకునేవాళ్లం. ఆమె మాత్రం లాక్కుని, మరక లోపలికి పోయేటట్టు మడిచి, మళ్లీ ఉతికే కుప్పలో వేసేది. "ఎవలికి ఏం బాధైందో ఏమో. అందరికి సూపెట్టుడెందుకే?" అనేది. ఎంగిలి గ్లాసుల్లాగా నోళ్లు కూడా కడుక్కోవాలనేది. నాకు అప్పట్లో ఇదంతా చాదస్తంగా ఉండేది.

రెండువేల తొమ్మిది వానాకాలంలో స్వైన్ ఫ్లూ వచ్చింది. మా పల్లెల్లో పందుల జరమన్నారు. విమానం దిగినవాళ్లను ఆపి చూస్తున్నారని టీవీలో చూపిస్తుండగానే, వాళ్లు కప్పుకున్న దుప్పట్లు మూటలు కట్టుకుని మా షెడ్డుకు వస్తున్నాయి. అప్పుడు షెడ్డు మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి ఎంతో మెత్తగా చెప్పాడు. "జ్వరమున్నా దగ్గున్నా దాచొద్దమ్మా. నాకొక్కడికే చెప్పండి. నా దగ్గరే ఉంటుంది, బయటికి పోదు."

నమ్మి మొదట చెప్పింది అక్కే. ఒళ్లు కాలిపోతుంటే అతని గదిలోకి వెళ్లి, తలుపు వేసి మరీ చెప్పింది. పట్నం దవాఖానకు పోయి పరీక్ష చేయించుకుంటానంది. అతను సరేనన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె దవాఖాన వరసలో నిలబడి ఉంటే, ఇక్కడ షెడ్డు ముందు అతను మైకు పట్టుకున్నాడు. ఆమె పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, స్వైన్ ఫ్లూ అని చెప్పాడు. పరీక్ష ఇంకా కానే లేదు. "ఆమె పక్కన కూర్చుని తిన్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నాడు. నేను ఎత్తాను. ఆమె అన్నం గిన్నెను ఎవరో కట్టెతో నెట్టుకుంటూ పోయి గేటు బయట పడేశారు. ఒకరికి జ్వరముంది, అందరూ జాగ్రత్తపడండి అంటే చాలదా? మేము పడకపోదుమా? పేరెందుకు, ఊరెందుకు? ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నా పళ్లు పటపటమంటాయి.

ఆమె కంటే ముందు ఆమె పేరు ఊరు చేరింది. పాలకేంద్రంలో ఆమె క్యాన్ తీసుకుని ఆమె కళ్లముందే మోరీలో ఒంపేశారు. ఆటో అతను ఆపకుండా పోయాడు. బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోతే జనం జరిగిపోయారు. జ్వరం తగ్గింది కానీ పాలు పోయించుకునేవాళ్లు లేక బర్రెలు రెండూ అమ్మేసింది. మళ్లీ పనికి వచ్చినప్పుడు ఆమె చేతులకు పాలవాసన లేదు.

పరీక్షలో ఏం తేలిందని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నాకు తెలియదు. "వచ్చినా నాదే, రాకున్నా నాదే. ఊరికేం పని?" అంది ఒకసారి. నేను మళ్లీ అడగలేదు.

తిరిగి వచ్చిన మొదటి రోజు పొద్దున, పని మొదలయ్యే ముందు మేనేజరు ఎప్పట్లాగే మాట్లాడి "ఏమైనా అడిగేదుందా?" అన్నాడు. అక్క చెయ్యెత్తింది. ముందుకు వచ్చి, అందరికీ వినపడేలా, ఎంతో మర్యాదగా అడిగింది.

"సార్, పానం మంచిగున్నదా? జరం గిట్ల లేదు గద?"

"బాగానే ఉన్నానమ్మా" అన్నాడు, కొంచెం తికమకపడి.

రెండో రోజూ అడిగింది. మూడో రోజూ అడిగింది. అతను "అడిగేదుందా" అనడం మానేశాడు. అయినా అడిగింది. అతను సెలవు పెట్టి వస్తే, "నిన్న రాలేదు సార్, దగ్గా? కడుపునొప్పా?" అనేది. పైనుంచి పెద్దసార్లు వచ్చిన రోజు వాళ్ల ముందే అడిగింది. అతని మొహం కందగడ్డ అయ్యేది. ఏమని తిడతాడు? ఆరోగ్యం అడిగిందని పనిలోంచి తీసేస్తాడా? మేము పొద్దున లేచేదే ఆ మాట కోసమన్నట్టు లేచేవాళ్లం. ఓర్చినమ్మకు తేటనీరని నేనొకసారి అంటే, "తేటనీరు నువ్వే తాగే. నాకు గాయన మొఖం సూసుడే సాలు" అంది. అట్లా ఏళ్లు నడిచింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఖాళీ సంచుల కోసం నేనూ అక్కా వెనక గోదాములోకి వెళ్లాం. దుప్పటి మూటల వెనక మేనేజరు కూర్చుని మందుబిళ్ల వేసుకుంటున్నాడు. అది దేనికి వాడతారో ఇద్దరికీ చూడగానే తెలిసింది. అంటుకునే జబ్బు కాదు, కానీ మా ఊళ్లలో దాని పేరు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఇంతకంటే రాయను. అతను బిళ్లల అట్ట చొక్కాజేబులో దోపుకుని, ఆనాటి మెత్తని గొంతుతోనే అన్నాడు. "ఎవరికీ చెప్పకండమ్మా. నా ఉద్యోగం పోతుంది."

అక్క నన్ను బయటికి లాగి, తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. సంచుల కోసం ఇంకెవరో వస్తే "లోపల పనైతున్నది, జర ఆగున్రి" అని ఆపింది.

నాకు ఆనందం పట్టలేదు. "రేపు పొద్దుగాల మైకు గుంజుకో అక్కా. పేరు, ఊరు, రోగం, అన్నీ చెప్పు" అన్నాను.

"నోరు మూస్కో" అంది.

మర్నాడు అందరం నిలబడ్డాం. మేనేజరు చెప్పేది చెప్పాడు. అక్క మాట కోసం చూశాం. ఆమె కొంగు సర్దుకుంటూ అతని వైపే చూస్తూ నిలబడింది. అడగలేదు. "ఇంకేమైనా... ఉందా?" అని అతనే అడిగాడు, ఎన్నేళ్లకో. చెయ్యి చొక్కాజేబు మీదికి పోయింది. ఆమె వెనక్కి తిరిగి వచ్చి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను కోపంతో ఆమె పక్కన కూర్చుని తినలేదు.

సాయంత్రం ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది. "అడిగినన్ని దినాలు గాయనకు కోపమొచ్చింది. ఇగ అడగ. ఇప్పుడు భయమైతది. రోజు పొద్దుగాల నా నోటి దిక్కు సూస్కుంటనే బతకాలె." చెప్పి హాయిగా నవ్వింది. అడగడం మానేసిందని విన్నవాళ్లు ఆమె క్షమించిందంటారు. క్షమ లేదు, గిమ లేదు. పక్కన కూర్చున్నది నేను, ఆ నవ్వు చూసింది నేను. ఆమె పెదవి దాటని ఆ మాట అతన్ని పని మానేదాకా కాల్చింది. ఆమె కూడా అంతదాకా అతని ముందే నిలబడింది.

అక్క దినాలకు అతను వచ్చాడు. జుట్టుకు రంగు వేసుకుని, పూలదండ తెచ్చి, ఫోటోకు వేసి, బంతిలో చివర కూర్చున్నాడు. షెడ్డు ఆడవాళ్లంతా అదే బంతిలో ఉన్నారు. నేను పప్పుచారు వడ్డిస్తున్నాను. అతని రోగం పేరు ఇప్పుడు అతనికీ నాకూ మాత్రమే తెలుసు. అది నా నాలుక చివరే ఉంది. విస్తరి ముందు ఆగేసరికి అతను తలెత్తాడు. గుర్తుపట్టాడు.

నాకు అక్కంత ఓపిక లేదు. రోగం పేరు మింగేశాను కానీ, గొంతెత్తి అడిగాను.

"సార్, పానం మంచిగున్నదా?"

బంతి మొత్తం తినడం ఆపి అటు తిరిగింది. అతను పెదవులు కదిపాడు. బాగానే ఉన్నానన్నట్టుంది, సరిగ్గా వినపడలేదు.

"జర గట్టిగ చెప్పున్రి సార్" అన్నాను, ఫోటో వైపు చూపించి. "అక్కకు వినబడాలె."

అతని కుడిచెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఎడమచెయ్యి చొక్కాజేబు మీద ఉంది. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.