తప్పులన్నీ సుబ్బరత్నంగారివే

సుబ్బరత్నంగారికి ఒకే ఒక్క పిచ్చి. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదే అంటారు.

కరెంటు పోతే, "ఇస్త్రీపెట్టె పెట్టానుగా, నావల్లే" అంటారు. కంకిపాడు బస్సు గంట ఆలస్యమైతే, "నేను ముందే వచ్చి నిలబడ్డాను, అందుకే రాలేదు" అంటారు. వాళ్ల మేడమీద పదేళ్లు అద్దెకున్నాను. మెట్లమీద నేను పెట్టిన బకెట్టే నా కాలికి తగిలి పడితే, మెట్లు కట్టించింది తాను కాబట్టి తప్పు తనదేనని ఆవిడ మందు పట్టుకొచ్చారు. "ఇలాంటివాళ్లు ఇంటికొకరుండాలి" అని మా ఆవిడ నావైపు చూసింది.

ఇంతకీ ఆవిడ బెజవాడలో పేరున్న ఫ్యాషన్ డిజైనర్. నలభై ఏళ్లుగా కూచిపూడి నాట్యం దుస్తులకూ, పెళ్లి జాకెట్లకూ ఆవిడ పెట్టింది పేరు. కొత్తగా చేరిన పిల్లలకు ఉత్సాహం కలిగేలా, ఆవిడ దాచినవన్నీ ఫొటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టమని నేను పనిచేసే ఫ్యాషన్ కాలేజీవాళ్లు నన్ను పురమాయించారు. బట్టలు సర్దిపెట్టడానికి ఫస్టియర్ కీర్తన కూడా వచ్చింది.

బీరువా తెరిస్తే రెండు వందల పదిహేడు దుస్తులు. ఒక్కటీ సరైంది లేదు. మెడ పక్కకు జారినవి, రెండువైపులా హుక్కులే కుట్టినవి, అంచుమీద ఏనుగులు తలకిందులుగా నడిచేవి. ప్రతిదానికీ ఓ చీటీ: 'తప్పు: సుబ్బరత్నం'.

"మంచివేవండీ?" అన్నాను.

"మంచివి కట్టుకుని వెళ్లిపోయారుగా. చెడినవే మిగిలాయి."

"ఇన్ని చెడగొట్టి ఇంత పేరెలా తెచ్చుకున్నారండీ?"

"నాకూ అదే అనుమానం" అన్నారు. ఇంతలో కెమెరా బ్యాటరీ అయిపోయింది. ఎక్కువ మాట్లాడింది తానేనని నొచ్చుకున్నారు.

ఆ సాయంత్రం కీర్తన బట్టలు మడతపెడుతూ బావురుమంది. ముందురోజు క్లాసులో ఎవరో నాట్యకత్తె ఇచ్చిన పట్టుబట్టను జాకెట్టుకు కత్తిరిస్తూ, రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించిందట. ఆ నాట్యకత్తె కాలేజీకొచ్చి కీర్తనను అందరిముందూ కడిగేసిందట.

"సోమవారం నుంచి మానేస్తున్నా సార్. బ్యాంకు కోచింగులో చేరతా."

"తప్పు నాదేనమ్మా" అన్నారు సుబ్బరత్నంగారు వెంటనే. "నేను సరిగ్గా చెప్పలా."

"మీరు క్లాసులోనే లేరండీ" అంది కీర్తన.

పదేళ్లలో ఆ మంత్రం పారకపోవడం నేను చూడ్డం అదే మొదలు. మంచి చెయ్యున్న పిల్ల, చేజారిపోతోందని నాకూ బాధేసింది.

మర్నాడు మొదటి ఇరవై ఫొటోలు, చీటీలతో సహా, వెబ్‌సైట్లో పెట్టాను. గంటలో ఫోన్. వన్‌టౌన్‌లో పెద్ద బొటిక్ నడిపే ఇష్రత్‌గారు.

"సార్, పదకొండో నంబరు జాకెట్టు మేడంది కాదు, నాది. పేరు మార్చండి. మేడం దగ్గర పని నేర్చుకునే రోజుల్లో రెండూ కుడిచేతులే కత్తిరించా. పెళ్లికూతురి తల్లి అరుస్తుంటే మేడం ముందుకొచ్చి నేనే చెడగొట్టానన్నారు. నేను బల్లకింద ఉన్నా."

ఆ తర్వాత కూచిపూడి నుంచి టైలర్ రత్తయ్య మాస్టారు, ఏనుగులు తనవేనని. సాయంత్రానికి తొమ్మిదిమంది తేలారు. రెండువైపులా హుక్కులున్న జాకెట్టు కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు.

నిలదీస్తే సుబ్బరత్నంగారు సిగ్గుపడ్డారు. "చిన్నపిల్లలయ్యా. తిట్లు తింటే మళ్లీ మిషనెక్కరు. నాకైతే తిట్లు అలవాటే. చెడిన బట్ట చూసి తర్వాతవాళ్లు నేర్చుకుంటారని దాచా. అందులో వాళ్ల పేర్లెందుకు?"

ఆ మంచి మనసును పదేళ్లపాటు పిచ్చి అనుకున్నందుకు నామీద నాకే కోపమొచ్చింది.

కీర్తన విషయం నేను చెప్పగానే ఇష్రత్‌గారు ఆదివారమే ఆ పిల్ల ఇంటికి వెళ్లారు. ఆ పట్టుకు సరిపోయే బట్ట తన కొట్టునుంచే పట్టుకెళ్లి, "నాకప్పుడు ఎడమచెయ్యి లేదు, నీకిప్పుడు కుడిచెయ్యి లేదు. ఇదిగో, కత్తిరించు" అన్నారట.

సోమవారం కీర్తన క్లాసుకొచ్చింది. సాయంత్రం తన పాత ఎడమచేతుల జత తెచ్చి సుబ్బరత్నంగారి బల్లమీద పెట్టి, 'తప్పు: కీర్తన' అని తన చేత్తోనే రాసింది.

"సగమైనా నా పేరు వెయ్యవే" అన్నారావిడ.

"కుదరదండీ. మీరు వేరేది చెడగొట్టుకోండి" అంటూ కీర్తన మిషన్ ముందు కూర్చుంది.