గేటు అమ్మమ్మ కునుకు

సినిమా హాలు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపుతూనే ఆవిడ తల నెరిసింది. అందుకే వీధిలో అందరికీ గేటు అమ్మమ్మ. ఎన్ని వందల సినిమాలు చూసిందో గానీ, ఒక్కదానికీ కంటతడి పెట్టిన పాపాన పోలేదు. జనమంతా ముక్కులు చీదుకుంటూ బయటికొస్తుంటే, "ఆ ఏడుపేదో ఇంటికెళ్లి ఏడవండి, దారి వదలండి" అని కసిరేది. రాతిగుండె అని పేరు పడింది. ఆ పేరంటే ఆవిడకు మహా మురిపెం కూడానూ!

హాలు మూతపడ్డాక ఆవిడకు పనేం ఉంటుందిలే అనుకుంటే పొరపాటే. మనవరాలూ, దాని స్నేహితులూ సొంతంగా చిన్న చిన్న నాటకాలు కట్టేది అమ్మమ్మ ముందుగదిలోనే. మంచం ఎత్తి గోడకు నిలబెట్టేవాళ్లు. రాసుకోవడం, బట్టీ పట్టడం ఏమీ లేదు. ఎవరో ఒకరు తాము చూసిన సంగతి చెబుతారు, అందరూ లేచి దాన్ని ఆడి చూస్తారు, బాగున్న ముక్క ఉంచుకుంటారు. ఆఖరి పరీక్ష మాత్రం అమ్మమ్మది. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం ఆడతారు. ఆవిడ ఎక్కడ కునుకు తీస్తే అక్కడ కత్తెర. మారుమాట లేదు. పొడుగోడని ఒకడున్నాడు, పాపం, వాడు గుండెలు బాదుకునే సీన్లన్నీ అలాగే గాల్లో కలిసిపోయాయి.

ఈసారి గ్రంథాలయం హాల్లో నలుగురి ముందు ఆడే అవకాశం వచ్చింది. మనవరాలు మొదటిసారి తనంతట తానే ఒక సీను కట్టింది. ఆస్పత్రిలో ఆయాగా చేసే తల్లి డ్యూటీ దిగి ఇంటికొస్తుంది. "తిన్నావా, చదువుకున్నావా" అని కూతుర్ని అడుగుతూనే ఒక చెప్పు విప్పుతుంది. రెండోది విప్పకముందే గోడకు ఆనుకుని నిద్రపోతుంది. కూతురు వచ్చి ఆ రెండో చెప్పు మెల్లిగా తీస్తుంది. అంతే సీను. తల్లి వేషం మనవరాలిదే.

అమ్మమ్మ గుండె కలుక్కుమంది. ఆ తల్లి ఇంకెవరో కాదు, తన కూతురే. గోడకు ఆనుకోవడం, నోట్లో మాట నోట్లోనే ఉండిపోవడం, అచ్చు గుద్దినట్టు దించేసింది పిల్ల. అమ్మమ్మ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. పిల్లలు చూస్తే ఇంకేమైనా ఉందా! గభాలున కళ్లు మూసుకుని తల వాల్చేసింది.

"అమ్మమ్మ పడుకుంది," అన్నాడు పొడుగోడు.

మనవరాలు విప్పిన చెప్పులు తీసి పక్కన పెట్టేసింది. "సరే, తీసేద్దాం," అంది.

ఆ సాయంత్రం పిల్ల కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికిందే గానీ తినలేదు. అమ్మమ్మకు ప్రాణం ఉసూరుమంది. చెబితే ఇన్నేళ్ల పేరు పోతుంది, చెప్పకపోతే పిల్ల సీను పోతుంది.

పొద్దున్నే పిల్లలు ఆ సీను లేకుండానే మొదలుపెట్టారు. ఇక ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"ఆపండర్రా! మీ అమ్మ సీను ఏదే?"

"నువ్వు నిద్రపోయావుగా అమ్మమ్మా. రూలంటే రూలే," అంది మనవరాలు.

"నిద్రా నా మొహమా! ఏడుపొచ్చింది. మీకు కనబడకూడదని కళ్లు మూసుకున్నాను. చాలా?"

"నువ్వు? ఏడ్చావా?" పొడుగోడు నోరెళ్లబెట్టాడు.

"నవ్వావంటే నీ వీపు విమానం మోత మోగిపోతుంది. ముందు ఆ సీను పెట్టండి."

పెట్టారు. ప్రదర్శన రోజు కూతురు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, ఏం చూడబోతోందో తెలియక, అమ్మమ్మ పక్కన కూర్చుంది. తన నడకే స్టేజీ మీద కనబడేసరికి బిగుసుకుపోయింది. చెప్పు తీసే చోట వంగి తన కాళ్ల వైపు చూసుకుంది.

"నేను రోజూ ఇలాగే నిద్రపోతానా అమ్మా?" అని మెల్లిగా అడిగింది.

తిరిగి చూస్తే అమ్మమ్మ చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అమ్మా! తుడుచుకో, అందరూ చూస్తున్నారు."

"చూడనీవే," అంది అమ్మమ్మ, ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగేంత గట్టిగా. "ఇన్నేళ్లలో నన్ను ఏడిపించిన మొనగత్తె ఒక్కర్తే. అది నా మనవరాలు!"