ట్రాక్ మీద మైలేజీ

అమెరికాలో, క్యారీ ఊళ్ళో మా ఇంటి సోఫాలో కూర్చుని, వీడియో గేమ్‌లోని రేసు కారును ట్యూన్ చేయడం నేర్చుకుంటూ నెల రోజులు గడిపాను. టైర్లలో గాలి తగ్గించాను, స్ప్రింగులు బిగించాను, గేర్లు సవరించాను. ప్రతిసారీ ఒక్కటే మార్చి, మూడు రౌండ్లు తిప్పి, ఆఫీసు పని మీద కూడా చూపని శ్రద్ధతో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అయినా వంపు లేని రోడ్డు మీద ప్రతి కారూ నన్ను దాటిపోయేది. దిక్కుమాలిన కారని తిట్టి, మళ్ళీ స్ప్రింగుల మీద పడేవాణ్ణి.

ఒక శనివారం నా స్నేహితుడి కుటుంబం భోజనానికి వచ్చింది. కాలేజీలో చదివే వాళ్ళమ్మాయి నా పక్కన కూర్చుని రెండు రౌండ్లు చూసింది.

"అంకుల్, కార్ ఫైన్. ఇంజన్ సౌండ్ పెరగకముందే మీరు గేర్ ఎందుకు మార్చేస్తున్నారు?"

"లేకపోతే మైలేజీ పడిపోతుంది కదమ్మా," అన్నాను. విజయవాడలో నాకు డ్రైవింగ్ నేర్పినాయన, ఇంజన్ అరిస్తే నెత్తిన మొట్టేవాడు మరి.

ఆ అమ్మాయి నా వంక చూసింది, టీవీ వంక చూసింది. "అంకుల్, ఇది గేమ్. ఇందులో గ్యాస్ అయిపోదు!"

నోట్‌బుక్‌ను మెల్లగా దిండు కిందికి తోశాను. ఆమె పగలబడి నవ్వుతూ వాళ్ళ నాన్నను పిలిచింది. "డాడీ, అంకుల్ రేస్‌లో మైలేజ్ చూస్తున్నారు!"

వాడు పెరుగన్నం ప్లేటుతో వచ్చి, నా వెనక నిలబడి, తెర మీది కారును తీరిగ్గా పరిశీలించాడు.

"ఇంతకీ ఎంతిస్తోందిరా?" అన్నాడు.