అత్తయ్యను కూర్చోబెట్టి తీసుకెళ్ళిన రోజు

పొద్దున పాలకని కిందికి దిగితే, ఎదురింటి టు-లెట్ బోర్డు దగ్గర ఒక కొత్త జంట నిలబడి ఉంది. "ఇంట్ల ఎవరెవరుంటరు?" అని అడుగుతున్నాడు ఇంటాయన. ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ మా అత్తయ్య గుర్తొస్తుంది.

కొన్నేళ్ళ కిందటి మాట. మా ఆయనకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మంచం పట్టిన మా అత్తయ్యను ఆస్పత్రివాళ్ళు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే మా అద్దింటి ఓనరు వచ్చాడు. "జెర అర్థం చేస్కోండి సార్. పెద్దమ్మ పానం గిట్ల మా ఇంట్ల పోతే ఇల్లు బంద్ పెట్టాలె. నెలాఖరుకల్ల ఇంకోటి సూస్కోండి" అన్నాడు, మర్యాదగానే. చెడు నక్షత్రంలో ప్రాణం పోతే ఇల్లు పాడుపెట్టాలన్న పట్టింపు మా గోదావరి వైపూ ఉంది కనుక, ఆయన్ని తిట్టుకోవడానికి కూడా మాకు నోరు రాలేదు.

రోజూ మా ఆయన డ్యూటీ దిగి రాగానే అమీన్‌పూర్, పటేల్‌గూడ వీధులన్నీ స్కూటర్ మీద తిరిగేవాళ్ళం. నీళ్ళొస్తాయా అని అడగాలన్న ధ్యాసే లేదు. మనిషి తిరగలేని వంటగదిని కూడా చాలా బాగుందండీ అనేవాళ్ళం. అత్తయ్య సంగతి చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు ఓనరుగారి బావమరిదికి మాటిచ్చినదైపోయేది. పటేల్‌గూడలో అంతమంది బావమరుదులు ఎక్కడ సర్దుకున్నారో నాకిప్పటికీ తెలియదు. ఒకరోజు మా ఆయన దారిలో బండి ఆపేసి, "అమ్మను ఎక్కడ పెట్టను?" అని ఏడ్చాడు.

ఇంట్లో మేం అనుకునేవన్నీ అత్తయ్యకు వినబడుతూనే ఉన్నాయి. "నన్ను కూడా తీసుకెళ్ళండర్రా. మంచాన పడ్డదాన్నంటే ఎవరిస్తారు? కూర్చుని నాలుగు మాటలు మాట్లాడతాను" అంది. జడ వేయించుకుంది, పౌడరద్దించుకుంది. ఆటోలో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని, పటేల్‌గూడలో ఒక రైతు కుటుంబం ఇంటికి తీసుకెళ్ళాం. ఇంటామె వరండాలో గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని, కాయలెంత లేతగా ఉన్నాయో, మీవైపు వానలెలా పడుతున్నాయో అంటూ నవ్వుతూ మాట్లాడింది. కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు మాత్రం వణుకుతున్నాయి. ఇంటామె ఆ వేళ్ళనే చూస్తోంది. ఈ ఇల్లు కూడా చేజారిందనుకున్నాను.

ఆమె లేచి వచ్చి అత్తయ్య వీపు వెనక చెయ్యి వేసింది. "గంత కష్టపడి ఎందుకు కూసున్నవమ్మా" అంది. తర్వాత నావైపు తిరిగి, లోపలి గది చూపించింది. "మా అత్త గా అర్రలనే పోయింది. కిటికీ దిక్కు మంచమేయుర్రి, గాలి మంచిగొస్తది."

నేను అక్కడే ఏడ్చేశాను. అత్తయ్య మళ్ళీ ఆటో ఎక్కనే లేదు. మా ఆయనే వెళ్ళి మంచమూ పరుపూ తెచ్చాడు.

చలి మొదలయ్యేదాకా ఉంది అత్తయ్య, ఆ కిటికీ దగ్గర. ఆ రోజుల్లో మాకు కాలమంటే నెలాఖరు ఒక్కటే. ఆమెకు మాత్రం, ఎవరూ గడువు పెట్టని ఆ గదిలో, తీరిగ్గా పోయేంత కాలం దొరికింది.