పండుగప్ప తల పులుసు

పందొమ్మిది వందల యాభై ఏడులో ఫ్లూ జ్వరం దేశాన్ని చుట్టబెట్టేనాటికి నేను కంటి వైద్యంలో శిక్షణ పొందుతున్నాను. ఆ వయసులో కత్తి పట్టిన ప్రతివాడూ లోకానికి చూపు తెప్పించేది తానేననుకుంటాడు. నేను కాస్త ఎక్కువే అనుకున్నాను (సొంతంగా ఒక్క శుక్లమైనా తీసి ఎరగను, అది వేరే సంగతి). జ్వరం రాగానే మా వార్డు మంచాలన్నీ జ్వరగ్రస్తులకిచ్చేసి, నన్ను మాత్రల పెట్టెతో ముత్తుకూరు అవతల చేపలు పట్టేవాళ్ల పల్లెకు పంపేశారు. బస్సెక్కబోతుంటే మా పెద్ద డాక్టరు గారు, "వార్డు తెరవగానే నా ఎదుట ఒక ఆపరేషన్ చెయ్యాలి. చెయ్యి తిరగలేదో, ఇంకో ఏడాది ఇక్కడే" అన్నారు.

పల్లెలో అందరికీ ఒకటే మాత్ర, ఒకటే మాట: "వేడినీళ్లు తాగండి, పడుకోండి." చెయ్యి మొద్దుబారిపోతుందని నాకు బెంగ పట్టుకుంది. ఆసుపత్రిలోనైతే మేకకళ్ల మీద కోత నేర్చుకునేవాళ్లం. ఇక్కడ చేపకళ్లకేం కరువు? నాకు వసారా ఇచ్చిన అవ్వను, పెద్ద చేప తలలు తెచ్చిపెట్టమన్నాను. ఎందుకో చెప్పలేదు (డాక్టరు ఇంకా నేర్చుకుంటున్నాడని తెలిస్తే మర్యాద ఏం మిగులుతుంది?). అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు, నేను మసక మసగ్గానే కనిపించేవాణ్ణి. గొంతు బరువు చేసి పెద్దమనిషిలా మాట్లాడేవాణ్ణి.

ఆ పల్లెలో చేప తల ఇంటి పెద్దకే దక్కాలి. మరొకరు దాని జోలికి పోరు. ఆ సంగతి నాకు తెలియదు. తల అడిగినవాడు వయసు మళ్లినవాడే అయ్యుంటాడని అవ్వ నిశ్చయించుకుంది. మధ్యాహ్నానికి పండుగప్ప తల వచ్చింది, మామిడికాయ పులుసులో! కళ్లు ఉడికి తెల్లటి గోలీల్లా ఉన్నాయి.

"పచ్చివి కావాలవ్వా."

"పెళ్లాం దగ్గర లేనోడివి, పచ్చి తల నువ్వేం చేసుకుంటావయ్యా? సిగ్గుపడబాక, తిను."

తిన్నాను. మర్నాటి నుంచి జ్వరం తగ్గిన ప్రతి ఇంటి నుంచీ తల పులుసే. ఒక ముసలాయన వాకిట్లోకొచ్చి, "డాక్టరయ్యా, ఈ పూటైనా నా తల నాకు వదులుతావా?" అని అడిగాడు. నా ఒళ్లు పెరిగింది. వెంట తెచ్చుకున్న కత్తి మాత్రం పెట్టెలోంచి బయటికి రాలేదు.

"నా కన్ను నువ్వే కొయ్యాల" అంది అవ్వ, నేను వచ్చేసేటప్పుడు.

"నేను కాక ఇంకెవరవ్వా?" అన్నాను దర్జాగా.

వార్డు తెరిచారు. నా మొదటి రోగి ఆమే. బల్ల మీద పడుకున్న అవ్వను చూసేసరికి నా చెయ్యి వణికింది. ఇది చేపకన్ను కాదు, నన్ను నమ్మి వచ్చిన మనిషి కన్ను. "అయ్యా, నా చేత కాదు" అన్నాను పెద్ద డాక్టరు గారి చెవిలో.

"ఇన్నాళ్లూ అక్కడ ఏం సాధన చేశావు?"

"తలలు తిన్నానండీ."

ఆయన నవ్వాపుకుని, కత్తి నా చేతిలోంచి తీసుకున్నారు. నేను లైటు పట్టుకున్నాను. అవ్వకు చూపొచ్చింది, నాకు ఇంకో ఏడాది వచ్చింది.

కొన్నాళ్లకు దళసరి అద్దాలు పెట్టుకుని అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఓరి నాయనో! మీసం కూడా సరిగా రాని పిలకాయవా! ఊళ్లో పెద్దోళ్ల తలలన్నీ తినేసినావు గదరా!" వార్డంతా నవ్వింది. కోసింది నేను కాదని చెబితే, "తెలుసులే. బల్ల మీద పడుకొనున్నా చెవులు పనిచేస్తాయి" అంది.

ఇప్పుడు మా ఇంట్లో తల నాకే వడ్డిస్తారు. పళ్లెంలో ఆ తెల్లటి కన్ను కనబడగానే నా వేళ్లు కత్తి పట్టినట్టు వంగుతాయి. ఇప్పుడవి వణకవు. అయినా, ఎవరి వాటా తింటున్నానో అని ఒకసారి చుట్టూ చూసి మరీ మొదలుపెడతాను.